వీపు లేని కోటు

నేను ఒక కోటుని. పొద్దుటి నుంచీ ఈ ఇంట్లో జరుగుతున్న రభసంతా నా గురించే.

“కోటు వేసుకెళ్తే పెద్ద ఉద్యోగస్తురాలిలా ఉంటావమ్మా. దాని వీపు నేను కుట్టించుకొస్తాగా!” అంటున్నాడు వీరాంజనేయులు.

“ఊరందరి చెమటా పీల్చిన కోటది. నా నేతచీర కట్టుకెళ్తుంది,” అంటోంది ఆయన భార్య నాగరత్నం.

“బస్సులో ఆ తోపులాటకి కుచ్చిళ్ళు విజయవాడ దాకా నిలుస్తాయిటే?” అని మంచం మీంచి నాయనమ్మ.

ఇదంతా వాళ్ళమ్మాయి హిమజ కోసం. రేపటి ఇంటర్వ్యూ ఆ పిల్లకే.

వీరాంజనేయులుకి రేపల్లెలో ఫోటో స్టూడియో ఉంది. ముందు గది స్టూడియో, వెనక ఇల్లు. తన పెళ్ళి రిసెప్షన్‌కని బూడిదరంగు గుడ్డ తీసి నన్ను కుట్టించుకున్నాడు. ఒక్క సాయంత్రం తొడిగి, తర్వాత స్టూడియోలో అద్దం పక్కన మేకుకి తగిలించాడు. దువ్వెన, పౌడరు డబ్బా, నేను. డిగ్రీ చేతికొచ్చిన పిల్లలందరూ బయోడేటా ఫోటోకి నన్నే తొడుక్కునేవారు. లావుపాటి వాళ్ళకి చాలడం లేదని నా వీపు నిలువునా చీల్చేశాడు. సన్నటి వాళ్ళకైతే వెనక క్లిప్పులు. ఫోటోలో వీపు పడదు కదా! కింద లుంగీ ఉన్నా పైన ఆఫీసరే.

నన్ను తొడుక్కున్న వాళ్ళు ఊపిరి బిగబట్టి కూచుంటారు. వాళ్ళ గుండెదడ నాకొక్కదానికే తెలుస్తుంది. లైటు మెరవగానే విప్పి పడేసి పోతారు. ఉద్యోగం వచ్చిందో రాలేదో ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు.

హిమజ మొదటి ఇంటర్వ్యూ నా మూలంగానే చెడింది. మా ఊరి నుంచి వెళ్ళిన వాళ్ళందరి ఫోటోల్లోనూ ఒకటే కోటు, కాలరు మీద ఒకటే సిరామరక. “మీ ఊరందరికీ కలిపి ఒక్కటే కోటా అమ్మా?” అని బల్ల అవతలాయన నవ్వాట్ట. ఆ నవ్వుకి హిమజ నేర్చుకున్న జవాబులన్నీ తడబడుతూ చెప్పింది. ఈసారి ఫోటోలో ఉన్నట్టే ఎదురుగా కనబడితే ఎవరూ నవ్వరని వీరాంజనేయులు లెక్క.

చివరికి హిమజ లేచి నన్ను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. నిజంగానే ఆఫీసరులా ఉంది. నాకు ఆశ పుట్టింది. నేనూ బస్సెక్కుతాను, ఆ గదిలో కూచుంటాను, ఒక్కసారైనా చివరిదాకా వింటాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

“తలుపు మూసుకోవే తల్లీ, గాలొస్తుంది!” అంది నాయనమ్మ. అందరూ నవ్వారు. హిమజ కూడా.

నన్ను విప్పింది. అందరిలా విసిరేయలేదు. బొత్తాలు పెట్టి, కాలరు సర్ది, మేకుకి తగిలించింది.

“నీలం చుడీదార్ ఇస్త్రీ చేసుకున్నాను నాన్నా. పిల్లలకి ట్యూషన్ చెప్పేటప్పుడు వేసుకునేది. అందులో నాకు మాట తడబడదు. దాంతోనే వెళ్తాను. దాంతోనే ఇంకో ఫోటో తియ్యి.”

గొంతు పెంచకుండా ఇంట్లో అందరికీ చెప్పింది. నేనూ ఆ ఇంటిదాన్నే కనక విన్నాను.

కాసేపటికి స్టూడియోలో లైటు మెరిసింది. ఈసారి ఊపిరి బిగబట్టిందో లేదో, మేకు మీదున్న నాకు తెలియలేదు.