విల్యార్మెల్ చర్చిలో మా బావ ప్రసంగం

సాంతియాగో దాకా నడిచి వెళ్ళి యాకోబు అపొస్తలుడి సమాధి దగ్గర మోకరిల్లుతానని మొక్కుకున్నది నేను. మా ఆయన గుండె ఆపరేషన్ గట్టెక్కినందుకు. తోడుకి మా అక్క కసిల్దాని పిలిచాను. పిలవకపోయినా ఎవరిస్తో అనే మా బావ కూడా బయల్దేరాడు.

బావ పాలెన్సియాలో భూముల రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యాడు. ఆ మర్నాడే పాత చర్చిల మీద ఒక లావుపాటి పుస్తకం కొన్నాడు. ఇక అది తనే రాసినట్టు మాట్లాడేవాడు.

"ఊరికే నడిచిపోతే గొర్రెలకీ మనకీ తేడా ఏముంది విసితా? కాస్త అటూ ఇటూ తిరిగి చరిత్ర కూడా చూసుకుంటూ పోదాం," అన్నాడు మొదటిరోజే.

మిగతా యాత్రికులు మధ్యాహ్నానికల్లా బస చేరి కాళ్ళు కడుక్కుంటుంటే, మేం ఏ గోధుమచేల మధ్యో తాళం వేసిన చర్చి ముందు నిలబడి ఉండేవాళ్ళం. తాళం తీసే మనిషి దొరక్కపోతే బావ తలుపు గురించే మాట్లాడేవాడు. అక్క నీడ చూసుకుని కునుకు తీసేది. ఆయనతో ఇన్నేళ్ళ కాపురం నేర్పిన విద్య అది. నా సంచీ నా వీపు మీదే ఉండేది. బావ సంచీ మాత్రం నడుం నొప్పి వల్ల టాక్సీలో వెళ్ళేది.

విల్యార్మెల్ మలుపు దగ్గర నేను మొరాయించాను. "బావా, యాకోబు ఉన్నది సాంతియాగోలో. ఈ ఊళ్ళో కాదు."

"నీకు భక్తి ఉంది గానీ చదువు లేదమ్మా," అని ఆ మట్టిదారి పట్టాడు.

చిత్రంగా ఆ చర్చి తెరిచే ఉంది. లోపల జనం కిటకిట. బలిపీఠం ముందు పూలు. తాళాలు చూసుకునే ప్రిమితీవా అనే ఆవిడ బావ నల్లటోపీ, తెల్లగడ్డం చూసి గబగబా ఎదురొచ్చింది.

"హమ్మయ్య, వచ్చారా! ఫాదర్‌కి ఇంకో ఊళ్ళో పూజ ఉంది, ఆలస్యమౌతుందట. ఈలోపు మీరు నాలుగు మాటలు చెప్పండి బాబూ."

తన పేరు ఇంత దూరం పాకిందా అని బావ పొంగిపోయాడు. టోపీ తీసి నా చేతికిచ్చి ముందుకు నడిచాడు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారని అప్పుడు గమనించాను. "ఎవరు పోయారు?" అని పక్కావిణ్ణి అడిగితే, "ఒబ్దులియా. శవపేటిక ఇంటి దగ్గర బయల్దేరింది," అంది. ముందుకెళ్ళి బావ చొక్కా లాగాను. "ఒక్క నిమిషం," అని విదిలించుకున్నాడు.

"ముసలిదే, కాదనను," అని మొదలుపెట్టాడు. "ఒక పక్కకి ఒరిగింది. పైకి మొరటుగా కనిపిస్తుంది. కానీ ఎన్ని కరువులొచ్చినా, యుద్ధాలొచ్చినా ఈ ఊరు వదల్లేదు. మనమేం చేశాం? అవసరానికి వాడుకున్నాం. ఒంటి నిండా పగుళ్ళు కనపడగానే మొహం చాటేశాం. పైకప్పు కారుతోందని తెలిసి కూడా ఒక్కరైనా నిచ్చెన వేశారా? ఇప్పుడు పూలు పట్టుకొచ్చి ఏం లాభం?"

ముందు వరసలో ఒక లావుపాటి మనిషి తల వాల్చేశాడు. ఆయన పక్కనున్న ఆడమనిషి భోరుమంది. తన వాగ్ధాటికే అనుకుని బావ గొంతు ఇంకాస్త పెంచాడు. అంతలో శవపేటిక లోపలికొచ్చింది.

బావ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ లావుపాటాయన లేచొచ్చి కావలించుకున్నాడు. "నేను బోనిఫాసియోని, పెద్దకొడుకుని. లియోన్ నుంచి వస్తానన్న చుట్టం మీరే కదూ! చెంప మీద కొట్టినట్టు చెప్పారు."

ఇప్పుడైనా నిజం చెప్తాడేమోనని చూశాను. బావ శవపేటిక వైపు ఓసారి చూసి, "మహాతల్లి, ఒబ్దులియా," అన్నాడు.

అప్పటిదాకా ఆ పేరు ఆయనకి తెలీదు. పేటిక మీద చదివాడు.

అంత్యక్రియలయ్యాక వాళ్ళింట్లో వెల్లుల్లి చారు, సాసేజి, వైను. "పెద్దాయనకి ఇంకాస్త వడ్డించండి," అని ఒబ్దులియా కూతురు బతిమాలుతుంటే బావ వద్దనలేదు. రెండో గిన్నె నడుస్తుండగా అసలు చుట్టం దిగాడు, దారిలో కారు చెడిపోయిందంటూ.

"మరి ఈయనెవరు?" అన్నాడు బోనిఫాసియో.

బావ నోటినిండా సాసేజి. అక్క పళ్ళెంలోకి చూసుకుంటోంది. ఇక నేనే నోరు విప్పాను. "మా బావండీ. ఆయన చెప్పింది మీ అమ్మ గురించి కాదు, చర్చి గురించి."

తన్ని తరిమేస్తారనుకున్నాను.

"చర్చి గురించా?" బోనిఫాసియో మొహం వెలిగిపోయింది. "ఆ కారేది చర్చి పైకప్పా? వింటున్నావటే చెల్లీ! మనల్ని కాదట!"

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. "అదే అనుకున్నాను. మనం అమ్మకేం తక్కువ చేశాం?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తేలికపడ్డారు. ఎవరో కొత్త సీసా తెరిచారు. ప్రిమితీవా మాత్రం గ్లాసు ముట్టుకోలేదు. "ఏడుమాట్లు అడిగింది మీ అమ్మ, తన ఇంటి కప్పుకి నిచ్చెన వెయ్యమని," అంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు.

ఆ సాయంత్రం బసలో బావ తోటి యాత్రికులకి చెప్తున్నాడు, విల్యార్మెల్ జనం తన ప్రసంగానికి కంటతడి పెట్టారని. చావు సంగతి ఎత్తలేదు. నేను చెప్పబోతే అక్క నా చెయ్యి నొక్కింది. "పోనీవే. ఇంకా చాలా దూరం నడవాలి."