పాదరసపు సాక్ష్యం

నేను ఒక సాక్షిని. నలభై రెండేళ్లుగా ఎవరూ పూర్తిగా నమ్మని సాక్షిని. మూత తెరిస్తే నిటారుగా నిలిచే గాజుగొట్టం, అందులో పాదరసం, చేతికి చుట్టే గుడ్డపట్టీ, పిసికే రబ్బరు బుడ్డి, ఇదీ నా స్వరూపం. రక్తపోటు కొలవడం నా వృత్తి. నాలోని రసాన్ని పరమశివుని తేజస్సుగా భావించి, లింగాలు కట్టి అర్చించిన దేశమిది. అదే రసం గొట్టంలో చేరి నిజం పలికితే మాత్రం, "ఇది చెడిపోయిందేమో చూడండి" అంటారు.

తునిలో సూర్యప్రకాశంగారనే వైద్యుని బల్ల మీద నా జీవితం మొదలయింది. నా పాదరసం సున్న దగ్గర నిలిచిందో లేదో వంగి చూడనిదే ఆయన ఎవరి చేయీ ముట్టేవారు కాదు. ఆయన విశ్రాంతి తీసుకున్నాక వైద్యశాలతోపాటు నేనూ డాక్టర్ నఫీసా చేతికి వచ్చాను. అనుమానంలో ఆమె ఆయనకు ఏమాత్రం తీసిపోదు.

పెద్దాయన కాలంలోనే, లక్ష్మీనృసింహమనే సంస్కృతోపాధ్యాయుడు ఒకనాడు నా ముందు కూర్చున్నాడు. వయస్సు ముప్పై ఎనిమిది. నేను రెండువందలు దాటాను. డాక్టరుగారు మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు. నెల తిరక్కుండానే మెదడులో నరం చిట్లి అతడు కన్నుమూశాడు. 'ఉప్పు' అన్న ఆ ఒక్క మాటను పట్టుకొని అతని తల్లి సోమిదేవమ్మగారు తీర్పు చెప్పేశారు. కోడలు భ్రమరాంబ చేతి ఉప్పే తన కొడుకును తినేసిందన్నారు. ఉప్పుజాడీని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని బొడ్లో దోపుకున్నారు. వండేది కోడలు, ఉప్పు వేసేది అత్తగారు; ఎనిమిదేళ్లు ఇదే వరస. నాకెలా తెలుసంటారా? మనుషులు దేవుడికి విన్నవించని సంగతులు కూడా వైద్యుని బల్ల దగ్గర చెప్పుకుంటారు.

ఆ ఎనిమిదో ఏట, నృసింహం కూతురు శర్వాణి తలనొప్పితో వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల. నేను నూట ఎనభై ఆరు దగ్గర నిలిచాను.

"ఆ పెట్టె చెడిపోయుంటుందమ్మా. చూస్తే నా ఈడుదానిలా ఉంది," అన్నారు సోమిదేవమ్మగారు.

డాక్టరమ్మకూ నా మీద అదే అనుమానం. పట్టీ మార్చింది, పిల్లను పావుగంట కూర్చోబెట్టింది, మరో యంత్రం తెచ్చి పక్కన పెట్టింది. అదీ నా మాటే అంది. నన్ను నిర్దోషిగా వదిలిపెట్టాక, నేరం మోయడానికి ఇంకొకరు కావలసివచ్చింది.

"ఉప్పు ఎక్కువ తింటావా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఉప్పు మా బామ్మే వేస్తుందండీ. అప్పడం కూడా లెక్కే," అంది శర్వాణి.

సోమిదేవమ్మగారు నింద దారి మార్చారు. "అయితే వాళ్ల అమ్మవైపు నుంచి వచ్చుంటుంది. మావారు డెబ్బై అయిదేళ్లు రాయిలా తిరిగారు. మా వంశంలో ఇలాంటివి లేవు," అన్నారు. భ్రమరాంబ తల వంచుకొని కూతురి వేళ్లు నిమురుతూ ఉండిపోయింది. భర్తను మింగిన వ్యాధి ఇప్పుడు బిడ్డ చేతికి చుట్టుకుంది.

కుటుంబంలో పోయినవారందరి వివరాలు కావాలంది డాక్టరమ్మ. మహాలయపక్షంలో తర్పణాలు విడవడానికి నృసింహం స్వహస్తంతో రాసుకున్న పుస్తకం ఆ ఇంట్లో ఉంది. మర్నాడు సోమిదేవమ్మగారు దాన్ని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చారు గానీ, బల్ల మీద పెట్టలేదు.

"ఇది అందరూ ముట్టేది కాదమ్మా."

"నేను ముట్టను మామ్మగారూ. మీరు చదవండి, నేను రాసుకుంటాను."

ఆవిడ చదివారు. పిత, పితామహుడు, ప్రపితామహుడు. అందరూ పండిన ఆయుష్షువారే. ఆవిడ కంఠం నిటారుగా సాగింది. 'మాతులులు' అన్న పుట రాగానే ఆగింది.

"వాళ్లెవరండీ?"

"మా తమ్ముళ్లు. ముగ్గురు."

"ఏ వయసులో పోయారు?"

"పెద్దాడు ముప్పై నాలుగు. వాడికి దిష్టి తగిలిందన్నారు. రెండోవాడు ముప్పై ఆరు, ఊళ్లో గాలి మంచిది కాదన్నారు. చిన్నాడు..." ఆవిడ పుస్తకం మీంచి కళ్లెత్తలేదు. "నలభై ఒకటి. వాడి పెళ్లాం చేతి వంట అన్నాం."

గోత్రం తండ్రి వెంట వస్తుంది గనుక వంశమంటే తండ్రివైపే అని ఆ ఇంట అందరి నమ్మకం. ఎవరికీ అనుమానం రాని తలుపు సోమిదేవమ్మగారి పుట్టింటిదొక్కటే.

శర్వాణి రక్తం పరీక్షకు నగరానికి వెళ్లింది. ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి విడమరచి చెప్పింది. మూత్రపిండాల మీద కూర్చున్న చిన్న గ్రంథి ఒక హార్మోనును అవసరానికి మించి స్రవిస్తోంది. ఆ హార్మోను ఉప్పును బయటికి పోనివ్వక ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. అందువల్ల నాళాలలో ఒత్తిడి పెరుగుతుంది. దానికి కారణం పుట్టుకతో వచ్చిన ఒక జన్యువు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్క ప్రతి వస్తే చాలు. కొందరిని పడుచుతనంలోనే తీసుకుపోతుంది, కొందరిని ముసలితనం దాకా వదిలేస్తుంది. వంటింటికి ఇందులో పాత్ర తక్కువ. గ్రంథిని అదుపులో ఉంచే చిన్న మాత్ర ఉంది, పిల్ల బతుకుతుంది.

సోమిదేవమ్మగారు నావైపు తిరిగారు. డెబ్బై రెండేళ్ల బతుకులో ఒక్కనాడూ నాకివ్వని చేతిని, పైట పక్కకు జరిపి, బల్ల మీద చాచారు. నేను నూట తొంభై దాకా ఎక్కాను. ఎందుకో ఆనాడు తప్పు చెప్పగలిగితే బాగుండునని నాకనిపించింది.

"వాడికి నేనే ఇచ్చానన్నమాట," అన్నారావిడ.

"ఇచ్చేటప్పుడు మీకు తెలియదు కదండీ," అంది డాక్టరమ్మ.

"ఇది తెలియదు. కోడల్నన్న మాటలు తెలిసే అన్నాను." ఆవిడ బొడ్లోని తాళంచెవి తీసి, కోడలి అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

పాదరసం విషమంటూ ఇప్పుడు నన్ను బీరువాలో పెట్టారు. బల్ల మీద అంకెలు వెలిగే యంత్రం ఉంది. అయినా సోమిదేవమ్మగారు వచ్చినప్పుడల్లా, "అది తనకు తోచింది చెబుతుందమ్మా. పాతదాన్ని తియ్యి," అంటారు. నన్ను అందరికంటే ఎక్కువ శంకించిన మనిషి!

మొన్న వచ్చినప్పుడు నూట నలభై చెప్పాను. పట్టీ విప్పుతుండగా ఆవిడ కోడలివైపు తిరిగి, "నిన్న చారులో ఉప్పే లేదేమిటే," అన్నారు.

"డాక్టరమ్మ వెయ్యొద్దంది అత్తయ్యగారూ," అంది భ్రమరాంబ, నడుమున దోపుకున్న తాళంచెవి సర్దుకుంటూ.

ఆ మాటలలో పాత నింద ఎక్కడైనా మిగిలిందేమోనని, అలవాటు చొప్పున, నిదానించి విన్నాను. గాలి పూర్తిగా దిగిపోయింది. పాదరసం సున్న దగ్గర నిలిచింది.