చెయ్యి వెనక్కి పోవాలి

సరస్సు అడుగున ఊళ్లోకి నీళ్లు తోడే గొట్టాలుంటాయి. వాటి జాలీలకు పట్టిన నాచు గీకే డైవర్లలో ఆమె కొత్తది, ఒక్కతే ఆడమనిషి. మూడేళ్లు ఒడ్డున తాళ్లు పట్టుకుని, "నీకెందుకమ్మా ఈ గోల" అని అందరిచేతా అనిపించుకుని, రేపటి మొదటి మునక సంపాదించుకుంది. ఇవాళ నీళ్లు చొరని డ్రై సూటు ఒంటికి కుదరకపోతే ఆ వంతు ఇంకొకరిది.

సూపర్‌వైజరు కొత్త ఎర్ర సూటు బల్లమీద పడేశాడు. టీషర్టు మీదే తొడుక్కుంది. కొలిచి కుట్టినట్టు పట్టింది.

"సినిమాలో వేషం దొరుకుతుంది నీకు," అన్నాడు బండోడు, అందరికన్నా పాత డైవరు. తక్కిన ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా అద్దంలో చూసుకుని మురిసిపోయింది.

"విప్పు," అంది మూలనుంచి ఆమె వదిన.

చిరిగిన సూట్లకు అతుకులేసేది ఆ వదినే. ఇరవయ్యేళ్లుగా అదే పని, గోళ్లనిండా జిగురు. బడి మొహం చూడలేదు. కానీ వేలితో తడిమి నీళ్లు ఎక్కడ కారతాయో చెప్పేస్తుంది. ఆ వేళ్లంటే ఆడపడుచుకు ఎంత గురో చెప్పలేం.

"బాగానే ఉందిగా వదినా?"

"అద్దానికి బాగుంది. నీళ్లలోకి టీషర్టుతో దిగుతావా?"

మందపాటి ఉన్నిబట్టలు ఒళ్లో పడేసింది. వాటిమీద సూటు ఎక్కించి, వీపుకు గాలి సిలిండరు కట్టింది.

"గొంతుక్కూర్చో. చెయ్యి తలమీదుగా వెనక్కి పోనీ. వాల్వు పట్టుకో."

భుజం దగ్గర సూటు బిగిసింది. చెయ్యి చెవి దాటలేదు. వాల్వు ఇంకా జానెడు దూరం.

"చలికి నోటికి గాలందించే రెగ్యులేటరు గడ్డకట్టి, గాలంతా బుసబుసా పోతుంటే వాల్వు ఎవరు మూస్తారే? నేను ఈదుకుంటూ రావాలా?"

సూపర్‌వైజరు విసుక్కున్నాడు. "వేరే సైజుకి రెండు వారాలు పడుతుందమ్మా. కుదరదంటే రేపటి వంతు వదులుకోమనండి."

మూడేళ్ల తాళ్లు ఆమె అరచేతుల్లో మండాయి. వదిన మొహం చూసింది. బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. నిజం చెప్పేసి ఊరుకుంది, అంతే. అలా నిలబడటం ఎంతమందికి చేతనవుతుంది?

"వదిలేస్తున్నా సార్," అని జిప్పు లాగమంది.

జిప్పు లాగి వదిన మగాళ్లవైపు తిరిగింది. "మీరు దేనిమీద తొడిగి చూసుకున్నారయ్యా?"

అందరూ టీషర్టులమీదే.

"ఉన్నిబట్టలు వేసుకుని రండి."

నలుగురూ వరసగా గొంతుక్కూర్చున్నారు. ఒక్కడికి వాల్వు అందింది. బండోడి చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. పోయిన శీతాకాలమంతా వాడు ఆ సూటుతోనే మునిగాడు. వాడి మొహంలో రక్తం లేదు.

సూటు విప్పి బల్లమీద పెట్టాడు. ఇంకో రెండు దానిమీద పడ్డాయి. అందినవాడు కూడా తనది తెచ్చి పైన పడేశాడు.

"రేపు ఎవరమూ దిగం సార్," అన్నాడు బండోడు. "మా ఒళ్లు కొలిచి సూట్లు తెప్పించండి. వచ్చాక మొదట దిగేది ఈ అమ్మాయే."

సూపర్‌వైజరు సూట్లకుప్పను చూసి, వాళ్లను చూసి, ఫోను తీశాడు.

వదిన అప్పటికే ఆడపడుచు మెడచుట్టూ కొలత టేపు చుట్టింది. "మాట్లాడకు," అంది. "ఊపిరి పీల్చు."