ఎత్తు రోడ్డు మీద నా కుడికాలు

వణికేది కారా, నా కుడికాలా, ఎన్నేళ్లుగానో నన్ను వదలని సందేహం ఇది, దేవుడి ముందు కళ్లు మూసుకున్నా నామం పెదాల మీదే ఉంటుంది, మనసు మాత్రం మెల్లగా కాలి దగ్గరకు జారిపోతుంది, స్వామీ, తప్పు నాదైతే నాదని చెప్పు, ఒప్పుకుంటాను, ఇలా నాన్చకు అని అడుగుతాను, ఆయన చెప్పడు, చెప్పేవారు ఇంట్లోనే ఉన్నారు, మావారు, పక్క సీట్లో కూర్చుని, వేగం అందుకునేసరికి కారు ఒళ్లు జలదరించినట్టు వణకగానే, చూశావా, మళ్లీ కాలు వణికించావు, నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఇలా లేదు అంటారు, అరవరు, వాతావరణం చెప్పినట్టు చెబుతారు, అదీ నిజమే, చూపు మందగించి ఆయన స్టీరింగ్ నాకు అప్పగించాకే ఈ వణుకు మొదలైంది, ఇప్పుడు మెకానిక్ షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చేతులు కట్టుకు కూర్చున్నారు, రేపు కారు కొనేవాళ్లు వస్తారు, లోపం కారులో ఉందని తేలితే బాగుచేయించి ఉంచుకుందాం, లేదంటే తాళాలు ఇచ్చేద్దాం, ఇదీ మా ఒప్పందం, కారు పోతే పోయిందనుకుందును, కానీ దాంతోపాటు అక్కకిచ్చిన మాట కూడా పోతుంది.

అక్కంటే మా తోడికోడలు, నేను టైఫాయిడ్‌తో మంచాన పడ్డప్పుడు నా పిల్లలిద్దరికీ తలలు దువ్వి, కథలు చెప్పి, తన పక్కలోనే పడుకోబెట్టుకుంది, నేను లేచి గోడ పట్టుకుని నడిచిన రోజున నీ రుణం ఎలా తీర్చుకోను అక్కా అంటే, ఒక్కసారి సముద్రం చూపించవే, పెళ్లైన మర్నాటి నుంచి మీ బావగారు రేపు తీసుకెళ్తానంటున్నారు, ఆయన చెప్పిన ఆ రేపు ఇంకా రాలేదు అంది, తీసుకెళ్తానన్నాను, ఆ పిల్లలకే ఇప్పుడు పిల్లలు, అక్క మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు, నా కారెక్కితే పెరుగు చిలికినట్టు చిలికేస్తావే నన్ను, దిగేలోపు వెన్న తేలతానేమో అని నవ్విస్తుంది, సముద్రం మాట మాత్రం ఎత్తదు, ఆ ఎత్తకపోవడమే నాకు గుచ్చుకుంటుంది.

మెకానిక్ చక్రాలకు బ్యాలెన్సింగ్ చేశాడు, ప్లగ్గులు మార్చాడు, సందుల్లో తిప్పి తెచ్చి సరిపోయింది అన్నాడు, సరిపోలేదు, ఈసారి మీరే నడపండమ్మా, నేను పక్కన కూర్చుంటా అన్నాడు, ఊరి మీదుగా పోయే ఫ్లైఓవర్ వంతెన మీదికి పోనిచ్చాను, మధ్యాహ్నపు ఎండ అద్దం మీద నీళ్లలా పారుతోంది, మేడల కిటికీలు ఒక్కొక్కటే కళ్లు తెరిచి మూసుకుంటున్నాయి, ఎవరి డాబా మీదో ఆరేసిన దుప్పటి గాలికి ఉబ్బి ఓడలా కదిలింది, కారు ఎక్కడా వణకలేదు, ఏమీ లేదమ్మా, బాగానే ఉంది అన్నాడు, రోగం లేదని డాక్టరు చెబితే ఏడుపు రావడం నాకొక్కదానికేనేమో, అయితే నా కాలే, తాళాలు ఇచ్చేయడమే, అనుకుంటుండగా మెకానిక్, ఆ ఎత్తు మొదట్లో కాలెందుకు తీశారమ్మా అన్నాడు, తీశానా అన్నాను, తీశారు, అందరూ నొక్కే చోట మీరు తీసేశారు అన్నాడు.

తీశాను, నాకే తెలియకుండా, వణుకు రాబోతోందని పాదానికి ముందే తెలుస్తుంది, ఇంట్లో మావారి గొంతు మారబోతోందని తెలిసి, చెబుతున్న మాట సగంలో వదిలేసి, పంపు కట్టేశానో లేదో అంటూ లోపలికి నడిచినట్టు, ఎన్ని మాటలు అలా సగంలో ఆగిపోయాయో, కారు వెనక్కి తిప్పించి మళ్లీ ఎత్తు మొదటికి రాగానే, ఈసారి తీయకండి, వణికితే వణకనివ్వండి అన్నాడు మెకానిక్, స్వామీ అనుకుని నొక్కాను, కారు మొత్తం వణికింది, వెనక చూసే అద్దంలో ఆకాశం ముక్కలైంది, నొక్కే ఉంచండి, ఇప్పుడు వదలండి, ఆగిందా, మళ్లీ నొక్కండి, చక్రాల్లో తేడా ఉంటే మీరు వదిలినా వణుకుతుంది, ఇది నొక్కితేనే వస్తోంది, అంటే ఇంజన్ బలాన్ని చక్రానికి మోసుకెళ్లే షాఫ్టులో ఉందమ్మా, నేనే రెండుసార్లు పొరబడ్డాను అన్నాడు.

షెడ్డులో కారును పైకి లేపితే రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా ఎప్పుడో కారిపోయి, లోపలి జాయింటు ఊగుతోంది, మావారు కుర్చీలోంచి లేచి వచ్చారు, చూపు ఆనక ముఖం దగ్గరగా పెట్టి, చేత్తో పట్టుకుని కదిపారు, లోపల టక్కుమంది, మళ్లీ కదిపారు, మళ్లీ టక్కుమంది, నల్లబడిన వేళ్లు చూసుకుంటూ, కాలు కాదన్నమాట అన్నారు, చేతులు గుడ్డకు తుడుచుకుని, రేపు వాళ్లను రావద్దని చెప్తాలే అన్నారు.

కొత్త షాఫ్టు పడ్డాక ఇదే రోడ్డు మీద అక్క నా పక్కన, ఒళ్లో సంచీ, వెనక సీట్లో మావారు నిద్రపోతున్నారు, నా డ్రైవింగ్‌లో ఆయన కునుకు తీయడం ఇదే మొదలు, ఏమే, మీ ఆయన గురక తప్ప ఇంకే చప్పుడూ లేదేంటే అంది అక్క, ఎత్తు వచ్చింది, పాదం అలవాటుగా పైకి లేవబోయింది, లేవనివ్వలేదు, కారు మెత్తగా, నీళ్ల మీద జారినట్టు పైకి పోయింది, అప్పుడు తట్టింది, స్వామి చెప్పకపోవడమేమిటి, నా పాదం కింద రోజూ చెబుతూనే ఉన్నాడు, మాట పూర్తికాకముందే కాలు తీసేసింది నేను, ఎత్తు దిగి, ఊరు దాటి చాలా దూరం పోయాక రోడ్డు చివర నీలంగా ఒక గీత, ఏది, అదేనా, ఇంతేనా సముద్రమంటే అంది అక్క, అని, కారు పూర్తిగా ఆగకముందే తలుపు తీసి, మోకాళ్లు పట్టుకుంటూ ఇసుకలో నడిచి, చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలో నిలబడిపోయింది, నేనూ పిలవలేదు.