గుర్తు ముడి

నేను ఒక గిలకను. బావి మొహం ఎన్నడూ చూడలేదు. కదిరి రోడ్డులో ఒక లేత్ షాపులో పుట్టాను. అరచేతి వెడల్పు, అంచున లోతైన గాడి, రెండు పక్కలా ఇనుప రేకులు. నన్ను కోసినతను మూడుసార్లు తిప్పి చూశాడు. కొన్న కుళ్లాయప్ప ఇంకో నాలుగుసార్లు తిప్పి చూశాడు. అనుమానం మనుషుల వేళ్లలోనే ఉంటుందని ఆ రోజే తెలిసింది.

కుళ్లాయప్ప ట్రాక్టర్లకు కరెంటు పని చేస్తాడు. తీరిక దొరికితే పల్చటి చెక్కతో గ్లైడర్లు కడతాడు. వాటికి ఇంజను ఉండదు, చేతిలోని రిమోటుతో తిప్పడమే. వాటిని పైకి పంపడానికి ఆయనా, ఆయన బామ్మర్ది వన్నూరప్పా కలిసి పాత జీపు స్టార్టరు మోటారుతో ఒక లాగుడు యంత్రం చేశారు. దాని డ్రమ్ము నుంచి నైలాన్ దారం రెండు వందల గజాలు వచ్చి, నేలలో దిగ్గొట్టిన నన్ను చుట్టి, వెనక్కి పోయి గ్లైడరు కొక్కేనికి తగులుకుంటుంది. పెడలు తొక్కితే డ్రమ్ము దారాన్ని లాగుతుంది, గ్లైడరు గాలిపటంలా లేస్తుంది. నా నెత్తి మీదికి వచ్చాక దారం జారిపోతుంది. అక్కడి నుంచి వేడిగాలి ఎక్కడ లేస్తోందో వెతుక్కుని పది నిమిషాలు తిరగాలి. అదీ పోటీ.

జనమంతా యంత్రం దగ్గరే. నా దగ్గర ఎర్రజెండాతో ఒక్కడే కూర్చుంటాడు. ఎగరేసేవాడి తర్వాత వరుసలో ఉన్నవాడే నాకు కాపలా. అంటే ముందువాడు పడితే లాభపడేవాడు. ఈ పద్ధతి పెట్టినాయన మనుషుల్ని అంతగా ఎట్లా నమ్మాడో నాకు అర్థం కాలేదు.

పోయినేడు ఫైనల్లో కుళ్లాయప్ప దారం సగం ఎత్తులో తెగింది. గ్లైడరు వేరుశనగ పీకిన చేలో పడి రెక్క రెండు ముక్కలైంది. ఆ పూట కాపలా వన్నూరప్ప. కప్పూ అతనికే పోయింది. ఎవరూ పైకి ఏమీ అనలేదు. కానీ వన్నూరప్ప తన అక్క గడప తొక్కి ఏడాదయింది.

అసలు సంగతి నాకు తెలుసు. యంత్రం ఒకటే అయినా పోటీలో ఎవరి డ్రమ్ము, ఎవరి దారం వాళ్లవే. తన దారాన్ని ఎవరో మార్చేస్తారని కుళ్లాయప్పకు అనుమానం. గుర్తుకోసం అందులో ఎవరికీ కనపడనంత చిన్న ముడి వేసుకున్నాడు. అది నా గాడిలోకి వచ్చిన ప్రతిసారీ రేకుకు రాసుకుని అరిగేది. తెగింది అక్కడే. ఆయన ఆ కొసను చూసి కత్తి గాటు అనుకున్నాడు. ఈ ఏడు కొత్త దారం కొని మూడు ముడులు వేశాడు.

ఈసారి ఫైనల్లోనూ వరుస అట్లే పడింది. ముందు బావ, వెనక బామ్మర్ది. దూరంగా రెండు గద్దలు రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయి. లేపడానికీ, పది నిమిషాలు తిప్పడానికీ కలిపి కుళ్లాయప్పకు ఇచ్చిన పన్నెండు నిమిషాల గడువు మొదలైంది. పెడలు మీద కాలు పెట్టి దారం బిగించాడు. మొదటి ముడి వచ్చి నా రేకు సందులో ఇరుక్కుంది. రెండు పోగులు లేచాయి.

వన్నూరప్ప చూశాడు. జెండా ఎత్తితే కావాలనే ఆపాడంటారు. ఎత్తకపోతే దారం తెగుతుంది, మళ్లీ కోశాడంటారు. ఇక ఆ గడప శాశ్వతంగా పోయినట్టే. చెమటకు అతని చేతిలో జెండా కర్ర జారింది. ఇంకో చేత్తో పట్టుకుని ఎత్తాడు.

కుళ్లాయప్ప పరుగున వచ్చాడు.

"ఏం, ఈసారి కత్తి ఏంటికని జెండాతోనే కానిస్తివా?"

వన్నూరప్ప నా వైపు వేలు చూపించాడు. కుళ్లాయప్ప మోకాళ్ల మీద కూర్చుని, నలిగిన పీచుల్ని గోటితో విడదీశాడు. చాలాసేపు చూశాడు. పోయినేటి కొస గుర్తొచ్చినట్టుంది.

"ఎవురేసిన ముడి బావా ఇది?"

"నేనే." పీచుల్ని వదిలేసి, "గుర్తుకి" అన్నాడు.

"నా డ్రమ్ము బిగించుకో. నా దారం మీద ఎగరెయ్."

కుళ్లాయప్ప లేచాడు. ఇద్దరూ డ్రమ్ము మార్చి, కొసను గ్లైడరుకు తగిలించి, దారం మడత తెచ్చి నా చుట్టూ తిప్పేసరికి సగం గడువు అయిపోయింది. కప్పు పోయినట్టే. కుళ్లాయప్ప గ్లైడరు వైపు దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, గాటు ఉందేమోనని తడుముకుంటూ యంత్రం వైపు నడిచాడు. యాభై గజాలు అట్లే పోయాడు. అక్కడ ఆగి బామ్మర్దిని చూశాడు. దారం వదిలేసి, చేతులు ఊపుకుంటూ యంత్రం దాకా వెళ్లిపోయాడు.

మిగతా నూటయాభై గజాల మీద నాకు మాత్రం అనుమానం పోలేదు. అక్కడ ఆయన పెడలు తొక్కాడు, దారం కదిలింది. ఒక్కో గజాన్నీ నేనే తడుముకున్నాను. ఎక్కడా గాటు లేదు.