తేనెరంగు రాయి

తుఫాను వెలిసిన మర్నాడు సత్యవాణి పంతులమ్మ కోసం ఎవరైనా వస్తే, పాలకాయతిప్ప దారిలో చూడమని కోడూరులో ఎవర్నడిగినా చెప్పేవారు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, గుడ్డసంచీ పట్టుకుని, బురదకి అడ్డంపడి సముద్రపు ఒడ్డుకి వెళ్లేది. మామూలు రోజుల్లో అక్కడ గవ్వలు తప్ప ఇంకేమీ దొరకవు. గాలివాన వచ్చినప్పుడు మాత్రం, ఎక్కడో పడమటి కొండల్లోంచి కృష్ణ దొర్లించుకొచ్చిన రాళ్లని సముద్రం అడుగునుంచి ఎత్తి ఇసకమీదికి విసిరేసేది. ఉల్లిపొరల్లా చారలున్న అగేట్లు, కాల్చిన ఇటుక రంగు జాస్పర్లు. ఆ పేర్లు బందరు ట్రెయినింగు స్కూల్లో సైన్సు టీచరు నేర్పింది.

పెళ్లయిన రెండో ఏడు ఆమె భర్త శేషాచలం గుడివాడలో పనుందని వెళ్లి మళ్లీ రాలేదు. కాశీలో చూశామని ఒకరు, మద్రాసులో కనిపించాడని ఇంకొకరు అన్నారు. పుట్టింటివాళ్లు కొన్నాళ్లు వెతికి ఊరుకున్నారు. ఆమె ట్రెయినింగు ముగించి ఈ దివిసీమ మూలకి ఉద్యోగానికొచ్చింది. పేరంటానికి ఆమెని పిలవాలా వద్దా అని ఊళ్లో ఆడవాళ్లు తటపటాయించేవారు. వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడమని ఆమే పిలుపులకి దూరంగా ఉండేది. ఒడ్డున మాత్రం ఎవరూ ఏమీ అడగరు. వల బాగుచేసుకునే తాతమ్మ ఒక్కతే పలకరించేది. అదీ రాళ్లు దొరికాయా అన్నంతవరకే.

చాలా ఏళ్లకి ఒక కార్తీకంలో, తుఫాను వాన ఇంకా తెరిపివ్వకముందే శేషాచలం వచ్చాడు. అరుగుమీద గొడుగు మడుస్తున్న మనిషిని ఆమె మొదట పోల్చుకోలేదు. జుట్టు ముందువైపు పలచబడింది. ఒక నాటకం కంపెనీ వెంట ఊళ్లు తిరిగాడట. అది మూతపడ్డాక ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియలేదట. ఇప్పుడు గుడివాడలో హోటలు పెట్టానని, పైన కాపురానికి గదులున్నాయని, తీసుకెళ్లడానికి వచ్చానని చెప్పాడు. ఆమె అన్నం పెట్టింది. వసారాలో చాప వేసింది. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

తెల్లవారి వాన వెలిసింది. ఆమె సంచీ తీస్తే, తనూ వస్తానన్నాడు.

ఒడ్డున గాలి హోరుకి మాట సరిగా వినపడటం లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, అల వెనక్కి తగ్గినచోటల్లా అతను వంగి చూశాడు. ఆమె ఇన్నేళ్లు తిరిగినా దొరకనిది అతనికి కాసేపట్లోనే దొరికింది. పావురం గుడ్డంత రాయి, తేనెరంగు. వెలుగుకి పట్టి చూస్తే లోపల చారలు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. పరిగెత్తుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మొహమంతా తడిసి, పసివాడిలా నవ్వుతున్నాడు. పెళ్లిచూపుల్లో ఆ నవ్వు చూసే ఆమె సరేనంది.

"వచ్చెయ్ వాణీ. ఇక్కడ ఒక్కదానివీ ఏం చేస్తావు?" అన్నాడు.

ఆమె రాయివంకే చూస్తూ, "మీరు వెళ్లిపోయిన రోజు, నేనేం చేస్తాననుకున్నారు?" అని అడిగింది.

అతను అబద్ధం చెబితే చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఏమీ అనుకోలేదు. ఆ రోజు నువ్వు గుర్తే రాలేదు."

"నిజం చెప్పారు. అది చాలు," అంది. అతని మొహంలోకి చూసి, "నేను రానండి," అంది.

అతను బతిమాలలేదు. రాయి ఉంచుకోమన్నాడు. దొరికింది మీకు కదా అని ఆమె దాన్ని అతని చొక్కా జేబులో వేసింది. సరుగుడు చెట్లదాకా అతను వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లాడు.

బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. ఎప్పటికైనా వస్తాడేమో అన్న ఊహ ఇన్నేళ్లూ ఇంట్లో మనిషిలా తిరుగుతుండేది. ఇకమీదట అదీ ఉండదు. ఇసక మీద రాళ్లు మెరుస్తున్నా వంగబుద్ధి కాలేదు. సంచీ ఖాళీగా పట్టుకుని నడిచింది.

"ఎవరమ్మా ఆ బాబు?" అంది తాతమ్మ, వల మీంచి తలెత్తి.

"మా ఆయన."

తాతమ్మ సరుగుడు చెట్లవైపు చూసింది. వల ఇటు లాక్కుని పక్కన చోటిచ్చింది. సత్యవాణి కూర్చుంది. చిరిగిన అంచు ఒకటి ఒళ్లోకి తీసుకుని, ఇక్కడ ముడి ఎలా వెయ్యాలో చూపించమంది.