నొస్రత్ కుడికాలు

నొస్రత్‌కీ నాకూ పడదని మా వీధిలో ఎవరైనా చెబితే నమ్మకండి. పడనివాళ్ళు ముప్ఫై ఏళ్ళపాటు పొద్దున్నే ఒకరి మొహం ఒకరు చూసుకుని మరీ పోట్లాడుకోరు. అతను మా జోర్‌ఖానాలో, అంటే మా ఇరాన్ పాతకాలపు తాలింఖానాలో, పెద్ద పహిల్వాన్. నేను ముర్షిద్‌ని, అంటే గోదా పక్కన ఎత్తరుగు మీద కూర్చుని డోలు వాయిస్తూ పద్యాలు పాడేవాణ్ణి. కింద వాళ్ళు కొయ్య గదలు తిప్పాలన్నా, దండీలు తీయాలన్నా, గిరికీలు కొట్టాలన్నా ముందు నా వేళ్ళు కదలాలి. "నీ డోలు వల్లే నా ఒంట్లో నీరంతా చెమటైపోయింది" అని అతను, "నీ బొజ్జ తిప్పలేకే నా వేళ్ళు అరిగిపోయాయి" అని నేను. ఇదీ మా సఖ్యత.

పోయినేడు దానిమ్మలు కోతకొచ్చిన రోజుల్లో అతనికి పక్షవాతం వచ్చింది. మేస్త్రీ పని అతనిది. పరంజా మీద నిలబడి ఇటుకలు పేరుస్తున్నవాడు ఉన్నచోటే కూలబడ్డాడు. కిందికి జారలేదు, దేవుడి దయ. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మాట తిరిగొచ్చింది, చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, కుడికాలు మాత్రం పూర్తిగా రాలేదు. నడుస్తాడు, కానీ ఆ పాదం నేలని రాసుకుంటూ వస్తుంది. "నడవండి, మీ జోర్‌ఖానాకీ వెళ్ళండి, కుర్రాళ్ళతో పోటీ మాత్రం పడకండి" అన్నాడు డాక్టరు. ఆ చివరి ముక్క నొస్రత్ చెవికెక్కి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

కొత్త సంవత్సరం పండగ సెలవులయ్యాక అతను మొదటిసారి వచ్చాడు. పొట్టి గుమ్మంలోంచి తల వంచి లోపలికి రాగానే నేను గంట మోగించాను. పెద్ద పహిల్వాన్ వస్తే మోగించాల్సిందే, అది అతని హక్కు. కుర్రాళ్ళు కేకలేశారు. ఫర్జాద్ అయితే పరిగెత్తుకెళ్ళి అతని భుజం ముద్దుపెట్టుకున్నాడు. ఈ ఫర్జాద్ పదిహేనేళ్ళప్పుడు ఎముకల గూడులా వస్తే నొస్రతే వాణ్ణి మనిషిని చేశాడు.

గిరికీల వంతు వచ్చింది. గిరికీ అంటే గోదా మధ్యలో చేతులు చాచి బొంగరంలా తిరగడం. నేను మెల్లగా మొదలుపెట్టాను. నొస్రత్ నిలబడిపోయి నావైపు గుడ్లురిమి చూశాడు.

"ఏంట్రా యదుల్లా అది? జోల పాడుతున్నావా?"

"తమరు మొన్ననేగా మంచం దిగింది, దొరగారూ."

"నేనేం రోగినా? నా దరువు నాకు కొట్టు!"

నాకసలే కోపం ఎక్కువ. "సరే చావు" అనుకుని అతని పాత దరువు కొట్టాను, ముప్ఫయ్యో ఏట అతను తిరిగిన దరువు. అతను తిరిగాడు. పైనంతా బ్రహ్మాండంగానే ఉంది, చేతులు, ఛాతీ, ఆ చూపు. కుడికాలు మాత్రం అందుకోలేక వెనకబడింది. సగం తిరిగేసరికి మనిషి వెల్లకిలా పడ్డాడు.

ఫర్జాద్ లేపబోతే చెయ్యి విదిలించేశాడు. అక్కడే కూర్చుని తన కుడితొడ మీద పిడికిలితో గుద్దాడు, పరాయి మనిషిని కొట్టినట్టు కసిగా. "గాడిదా! గాడిదా!" అంటూ మళ్ళీ మళ్ళీ గుద్దాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, బట్టలు కూడా మార్చుకోకుండా వెళ్ళిపోయాడు. ఇక రావడం మానేశాడు.

నేనొక వారం బిగదీసుకుని కూర్చున్నాను. ఎన్నాళ్ళని కూర్చుంటాను? నొస్రత్ లేని గోదా చూస్తూ పాడుతుంటే నా పాట నాకే చేదుగా ఉంది. గోదాలోకి దిగని నొస్రత్ ఎన్నాళ్ళు బతుకుతాడు? ఇంట్లో గోడలు చూస్తూ ఎండిపోతాడు, నాకు తెలుసు. మా నాన్నని అలాగే పోగొట్టుకున్నాను. భయం వేసింది. ఓ మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను.

తలుపు తీసింది అతనే. నన్ను చూసి "డోలు తేలేదా? శవయాత్రకి అక్కర్లేదా?" అన్నాడు.

"నీ శవానికి నా డోలెందుకు, దండగ. జరుగు."

అతని భార్య గొలందామ్ వంటింట్లో మాంసం, శనగలు కలిపి దంచుతోంది. నన్ను చూసి "రా అన్నయ్యా, ఇవాళైనా ఈయన మనిషితో మాట్లాడతాడు. ఇన్నాళ్ళూ కాలితోనే మాట్లాడుతున్నాడు, అదీ బూతులు" అంది.

"దాన్ని కాలంటారా?" అన్నాడు నొస్రత్ పరుపుకి జారగిలబడుతూ. "ఒరే, లోపల నేను నేనేరా. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ గిరికీలు కొడతాను, ఒక్క అడుగు తప్పు పడదు. కళ్ళు తెరిస్తే ఈ ఒళ్ళు. ఎవడిదో పాత కోటు నాకు తొడిగినట్టుంది."

"పాత కోటేలే. నీకు అరవై దాటలేదా ఏంటి?"

"వెటకారమా?"

"వెటకారం కాదు. మరి ఇందాక తలుపు దాకా నిన్ను తీసుకొచ్చింది ఎవరి కాలు? పక్కింటాయన దగ్గర అరువు తెచ్చావా?"

అతను మొహం తిప్పుకున్నాడు. గొలందామ్ గిన్నె మా ముందు పెట్టి రొట్టెలు విరుస్తూ గొంతు తగ్గించకుండానే చెప్పింది. "రాత్రి పడుకునేటప్పుడు ఆ కాలొక్కటీ దుప్పటి బైట పెడతాడు అన్నయ్యా, పరాయిదాన్ని పక్కలో పెట్టుకోనన్నట్టు. నమాజుకి ముందు పాదాలు తుడుచుకునేటప్పుడు చూడాలి. ఎడమదాన్ని నిదానంగా తుడుస్తాడు, కుడిదాన్ని బురద దులిపినట్టు దులుపుతాడు. నాకు ఏడుపొస్తుంది. అది మాత్రం ఏం పాపం చేసింది? ఆయన్నేగా మోస్తోంది."

"చాల్చాల్లే, నీ వకాల్తా!" అని అరిచాడు నొస్రత్. అరిచాక తలొంచుకుని తిన్నాడు. ఆ పూట ఇంకేం తేలలేదు. ఒళ్ళు మండుతూనే ఇంటికొచ్చాను.

రెండు మూడు రోజుల తర్వాత పొద్దున్నే రొట్టెల కొట్టుకి వెళ్తుంటే సందులో నాకు ముందు నొస్రత్. నన్ను చూడలేదు. కొన్న వేడి రొట్టె తువ్వాలులా చేతి మీద వేసుకుని, చివర తుంచి తింటూ, ఏదో ఆలోచించుకుంటూ ఇంటికి పోతున్నాడు. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయాను.

మట్టిగోడల సందు కదా, అడుగు చప్పుడు గట్టిగా వినబడుతుంది. ఎడమపాదం టప్పున పడుతోంది. కుడిపాదం సర్రుమని జరుగుతోంది, ఆ తర్వాత చిన్న ఊగు, మళ్ళీ టప్పు. నేను అతని వెనకే నడిచాను. టప్పు, సర్రు, ఊగు. టప్పు, సర్రు, ఊగు. ఒక్కసారి కూడా తప్పలేదు. దారిలో పిల్లి అడ్డమొస్తే దాన్ని తిడుతూ పక్కకి తప్పుకున్నాడు, అప్పుడు కూడా తప్పలేదు. నా వేళ్ళు వాటంతటవే నా తొడ మీద ఆడటం మొదలుపెట్టాయి.

ఓరి నీ! ఇదొక దరువు! ఇన్నాళ్ళూ అందరం దీన్ని కుంటినడక అంటున్నాం. తను చూసుకోనప్పుడు మనిషి ఎంత హాయిగా నడుస్తున్నాడు! ఎప్పుడైతే కాలిని పాత నొస్రత్ వెంట ఈడుస్తాడో అప్పుడే పడుతున్నాడు.

రొట్టెల సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాను. ఆ రోజంతా ఇంట్లో దేని మీద పడితే దాని మీద అదే వాయించాను. "ఆ పళ్ళెం వదులుతావా, నన్ను పుట్టింటికి పొమ్మంటావా?" అంది మా ఆవిడ. మాకు పెళ్ళై నలభై ఏళ్ళు, ఆమె పుట్టిల్లు పక్క సందే.

ఆ శుక్రవారం ఫర్జాద్ కోసం ప్రత్యేకంగా గోదా పెట్టాం. మర్నాడు వాడి పెళ్ళి. గురువు రాకపోతే పీటలెక్కనని వాడు నొస్రత్ గుమ్మంలో కూర్చున్నాడట. అలా వచ్చాడు నొస్రత్. నేను గంట మోగించబోతే వద్దని చేత్తో సైగ చేసి, కోటు కూడా విప్పకుండా, చూడ్డానికొచ్చినవాళ్ళ బల్ల మీద ఒక మూల కూర్చున్నాడు.

కుర్రాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గిరికీలు కొట్టారు. చివర ఫర్జాద్ మధ్యలోకి వచ్చాడు. నేను దరువు మార్చాను.

టప్పు, సర్రు, ఊగు.

ఫర్జాద్ ఒక అడుగు వేసి తడబడ్డాడు. ఇంకో అడుగు వేసి పక్కవాడి మీద పడ్డాడు. నవ్వులు.

"ముర్షిద్ బాబాయ్, పెళ్ళి నాదైతే మైకం నీకొచ్చిందా?"

"వేళ్ళు మొద్దుబారాయేమో, టీ పట్టండ్రా ఆయనకి!"

నేను ఆపలేదు. నా చూపంతా మూల బల్ల మీదే. నొస్రత్ మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. అతనికి అర్థమైపోయింది. తన నడక తనకి తెలియదా?

"ఆపు!" అని లేచాడు. "ఇంతమందిలో నన్ను వెక్కిరిస్తావురా?"

నేను వాయిస్తూనే ఉన్నాను. అతను గట్టు దిగి గోదాలోకి వచ్చాడు. నా అరుగు అవతలి వైపు ఉంది, నన్ను కొట్టాలంటే గోదా దాటాలి. దాటడం మొదలుపెట్టాడు. కోపంలో కాలి సంగతి మరిచిపోయాడు. టప్పు, సర్రు, ఊగు. కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కడూ అతని పాదాల వైపు చూసి, నా వేళ్ళ వైపు చూసి, మళ్ళీ పాదాల వైపు చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

సరిగ్గా గోదా మధ్యకి వచ్చేసరికి అతనికీ వినబడింది. ఆగాడు. నేనూ ఆపాను. ఒక అడుగు వేశాడు, నేనొక దెబ్బ వేశాను. కుడికాలు జరిపాడు, నా అరచెయ్యి తోలు మీద జరిగింది. అతను కిందకి చూసుకున్నాడు.

"ఇది..." అన్నాడు. "ఇది నాదేనా?"

"కాకపోతే మా తాతదా?" అన్నాను. "మీ సందులో రోజూ పొద్దున్నే వినబడుతుంది. వినేవాడు లేక వృథాగా పోతోంది."

"దీనికి గిరికీ కొట్టొచ్చంటావా?"

"ఈ కుర్ర వెధవలకి చాతకాలేదు, చూశావుగా. నీకు చాతనవుతుందేమో నాకేం తెలుసు?"

అతను కోటు విప్పి ఫర్జాద్ చేతిలో పెట్టాడు. మాలో గిరికీ కొట్టేముందు తనకంటే పెద్దవాడి అనుమతి అడగడం ఆచారం. అడగందే ఒక్కడూ తిరగడు. కానీ ఆ గోదాలో నొస్రత్ కంటే పెద్ద ఎవరున్నారు? అందరం అతను ఎవర్ని అడుగుతాడా అని చూస్తున్నాం. అతను నెమ్మదిగా వంగాడు. రెండు చేతులతో తన కుడి మోకాలు పట్టుకున్నాడు, ఎప్పుడో అలిగి వెళ్ళిన చుట్టాన్ని పలకరించేటట్టు.

"అనుమతేనా?" అన్నాడు దాంతో.

ఫర్జాద్ ఆ కోటులో మొహం దాచుకున్నాడు. నేను "యా అలీ!" అని డోలు అందుకున్నాను.

నొస్రత్ చేతులు చాచి తిరిగాడు. వేగం లేదు. పాదం నేలని రాసుకుంటూనే ఉంది, మనిషి ఒక పక్కకి ఒరుగుతూనే ఉన్నాడు, అయినా పడలేదు. ఒక చుట్టు పూర్తిగా తిరిగి నా ఎదురుగా ఆగాడు. మొహమంతా చెమట, పళ్ళన్నీ బైటికి. ముప్ఫై ఏళ్ళలో ఆ మొహం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు తుడుచుకుందామని డోలు పక్కన పెట్టబోయాను.

"ఎందుకాపావు?" అన్నాడు రొప్పుతూ, తొడ మీద మెల్లగా తట్టుకుంటూ. "ఇంకోటి కావాలంటోందిరా, కొట్టు."